షేర్ మహమ్మద్ పురం ఉర్ఫ్ ఎస్.ఎం. పురం

శ్రీకాకుళం నుంచి విశాఖ వైపు పదహారో నంబరు జాతీయ రహదారి మీద బయల్దేరితే కాసేపటికే ఎచ్చెర్ల వస్తుంది. 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. ఇదే మండలంలో ఎస్.ఎం. పురం అనే ఊరుంది. శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ ఉన్నది అక్కడే. అక్కడ చదివే పిల్లలు దరఖాస్తుల్లో, పార్సిళ్ల మీద, బ్యాంకు కాగితాల్లో ఆ రెండు పొడి అక్షరాలు రాస్తూనే ఉంటారు. వాటిని విప్పి చదివేవాళ్లు మాత్రం తక్కువ. విప్పితే వచ్చే పేరు షేర్ మహమ్మద్ పురం.

"శ్రీకాకుళంలో సాయిబులేటి?" అని అడిగేవాళ్లు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. కర్నూలు, కడప, గుంటూరు అంటే మన వాళ్లు గుర్తొస్తారు గానీ, కళింగాంధ్ర అంటే గుర్తుకు రారు. కానీ ఎచ్చెర్ల మండలంలోనే ఫరీదుపేట ఉంది, ఇబ్రహీంబాద్ ఉంది, షేర్ మహమ్మద్ పురం ఉంది. పొలాల మధ్య, కొబ్బరి తోటల మధ్య ఆ పేర్లు చుప్‌చాప్‌గా గవాహీ ఇస్తూనే ఉన్నాయి. అడిగేవాళ్లు చూసే ఫెహ్రిస్త్‌లో ఆ పేర్లు లేవు, అంతే.

నా రోజీ రోటీ మెయిల్ సర్వర్ల పని. తవారీఖ్ నా షౌక్. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మా ఇంట్లో నవ్వుతారు. నాకు మాత్రం రెండూ ఒకే పని అనిపిస్తుంది. ఒక పేరు పట్టుకుని అది ఎవరిదో, ఎక్కడుందో తేల్చడమే రెండు చోట్లా చేసేది. తేల్చడానికి ఆధారం ఒక పట్టిక. ఆ పట్టిక తప్పైతే ఉన్న మనిషి లేనివాడవుతాడు. ఎచ్చెర్లను పక్కన పెట్టుకుని ఆ పట్టికల కథ చెప్పాలని ఈ వ్యాసం.

ఫౌజ్‌దార్ల జమానా

గోల్కొండను అబ్దుల్లా కుతుబ్ షా ఏలుతున్న రోజుల్లో శ్రీకాకుళానికి ఫౌజ్‌దార్‌గా వచ్చినవాడు షేర్ మహమ్మద్ ఖాన్. శ్రీకాకుళంలోని జామియా మసీదు ఆయన 1641లో కట్టించిందే. ఊరికి ఇంత దగ్గరలో అదే పేరుతో ఒక పురం ఉండటం చూస్తే, ఆ షేర్ మహమ్మద్ ఈ షేర్ మహమ్మదేనని అనుకోవడం సహజం.

1687లో గోల్కొండ పడిపోయి మొగలుల చేతికి పోయింది. అయినా శ్రీకాకుళం ఫౌజ్‌దారీ ఆగలేదు. తర్వాత ఆర్కాటు నవాబైన అన్వరుద్దీన్ ఖాన్ కూడా ఒకప్పుడు ఇక్కడ ఫౌజ్‌దారే. ఉత్తర సర్కార్లు అని మనం పాఠాల్లో చదువుకున్న ఐదింటిలో ఒకటి శ్రీకాకుళం పేరు మీదే ఉండేది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఈ సర్కార్లను ఫ్రెంచివాళ్ల పరం చేశాడు. 1765లో ఢిల్లీ బాద్‌షా షా ఆలం ఫర్మానాతో, 1766లో నిజాంతో కుదిరిన ఒప్పందంతో ఇవి ఇంగ్లీషు కంపెనీ చేతిలోకి వెళ్లాయి.

ప్రభుత్వం మారినప్పుడల్లా దఫ్తర్ మారింది. దఫ్తర్ మారినప్పుడల్లా ఫెహ్రిస్త్ మారింది. కుతుబ్‌షాహీ ఫర్మానాలు చాలావరకు రెండు జబాన్‌లలో ఉండేవి, పైన ఫార్సీ, కింద తెలుగు. కింది ఉద్యోగి నుంచి ఊరి కరణం దాకా ఎవరికి చేతనైన జబాన్‌లో వాళ్లు చదువుకునేవారు. కంపెనీ వచ్చాక ఇంగ్లీషు పెరిగింది, ఫార్సీ తరిగింది. 1837లో ఫార్సీని కోర్టుల జబాన్ హోదా నుంచి తప్పించారు. కొత్త గుమాస్తా చదవలేని రిజిస్టర్ అటక మీదికి వెళ్లిపోతుంది. అందులో ఉన్న పేర్లూ దానితోపాటే వెళ్లిపోతాయి.

ఊరి పేరుకూ అదే జరిగింది. శ్రీకాకుళం ఇంగ్లీషు కాగితాల్లో చికాకోల్ అయింది. చికాకోల్ కంపెనీ వాళ్ల గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతాన్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అంటే 1930లో ఇక్కడ పుట్టినవాడికి గంజాం జిల్లా, వాడి తమ్ముడికి విశాఖపట్నం జిల్లా, వాడి కొడుక్కి శ్రీకాకుళం జిల్లా. ఇల్లు మాత్రం కదల్లేదు. ఆమదాలవలసలోని రైల్వే స్టేషన్ కూడా మొదట చికాకోల్ రోడ్, తర్వాత శ్రీకాకుళం రోడ్. పట్టాలు అవే, బోర్డు మారింది. పాత ఖత్ మీద గంజాం జిల్లా, చికాకోల్ అని ఉంటే ఈ రోజు ఏ పిల్లాడు దాన్ని శ్రీకాకుళంతో ముడిపెట్టగలడు? రెండు పేర్లనూ కలిపే పట్టిక ఒకటి ఎవరి దగ్గరో ఉండాలి.

డాక్ వాళ్ల ఫెహ్రిస్త్

డాక్ అనే మాటే మన జబాన్‌ది. మొగలుల కాలంలో డాక్ చౌకీలు ఉండేవి, హర్కారాలు ఒకరి చేతి నుంచి ఒకరు సంచీ అందుకుని పరుగెత్తేవారు. హర్కారాకు పతా అక్కర్లేదు, తర్వాతి చౌకీ తెలిస్తే చాలు. సంచీ చివరికి ఎవరికి చేరాలో చౌకీలోని మున్షీ చూసుకునేవాడు.

1854లో దేశమంతటికీ ఒకే తపాలా బిళ్ల వచ్చాక, దూరంతో పని లేకుండా బరువును బట్టి రేటు పెట్టాక, మామూలు జనం కూడా ఖత్‌లు రాయడం మొదలుపెట్టారు. అప్పుడే పతా బరువు పెరిగింది. ఒకే పేరుతో పది ఊళ్లు, ఒకే ఊరికి నాలుగు స్పెల్లింగులు, ఉత్తరం ఒక లిపిలో రాస్తే సార్టింగ్ చేసే గుమాస్తాకు వచ్చింది మరో లిపి. ఈ గందరగోళం వందేళ్లకు పైగా సాగింది. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ అధికారి శ్రీరామ్ భికాజీ వేలంకర్ దానికి ఆరు అంకెల మందు కనిపెట్టారు. ఆయన సంస్కృతంలో కవి కూడా. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ అమల్లోకి వచ్చింది.

ఎచ్చెర్ల పిన్ 532410. మొదటి 5 అంటే మన తెలుగు రాష్ట్రాలు, కర్ణాటక కలిసిన ప్రాంతం. 53 అంటే ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం. 532 అంటే శ్రీకాకుళం సార్టింగ్ జిల్లా. చివరి మూడంకెలు ఉత్తరం బట్వాడా చేసే పోస్టాఫీసు. ఎక్కడో గువాహతిలో కూర్చున్న ఉద్యోగికి ఎచ్చెర్ల ఎక్కడో తెలియక్కర్లేదు, తెలుగు చదవడం రానక్కర్లేదు. 532 గడిలో వేస్తే చాలు.

కానీ ఒక సంగతి గమనించండి. ఆరంకెలు ఉత్తరాన్ని పోస్టాఫీసు దాకానే తెస్తాయి. అక్కడి నుంచి గడప దాకా తీసుకెళ్లేది పోస్ట్‌మ్యాన్ బుర్రలోని ఫెహ్రిస్త్. కవరు మీద షేక్ మస్తాన్ అని ఉన్నా, మస్తాన్ వలీ అని ఉన్నా, ఎస్.కె. మస్తాన్ అని ఉన్నా, సైకిల్ షాపు మస్తాన్ భాయి అని ఉన్నా, అన్నీ ఒక్కరివేనని ఆయనకు తెలుసు. ఏ కాగితం మీదా లేని ఆ ఇల్మ్ వల్లే మన ఇళ్లకు ఉత్తరాలు వచ్చేవి. ఆయన రిటైరైతే ఆ ఫెహ్రిస్త్ కూడా ఆయనతోనే ఇంటికి వెళ్లిపోయేది.

ఉర్ఫ్

ఎలక్ట్రానిక్ డాక్‌లోనూ అచ్చం ఇదే జరిగింది. 1971లో రే టాంలిన్సన్ అమెరికాలో ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు మెయిల్ పంపుతూ, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య అట్ గుర్తు పెట్టాడు. మరి ఏ యంత్రం ఎక్కడుందో తెలిసేదెలా? కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫీన్లర్ అనే ఖాతూన్ నడిపిన ఆఫీసు ఆ లెక్క చూసుకునేది. నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రాలన్నిటి పేర్లూ, నంబర్లూ ఒకే ఫైల్లో రాసి ఉంచేవారు. అందరూ దాని నకలు తెచ్చుకునేవారు. నకలు తెచ్చుకోవడం మరిచినవాడికి కొత్త యంత్రం లేనట్టే లెక్క.

యంత్రాలు పెరిగేసరికి ఒక్క ఫైలు మోయలేని బరువైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ నేమ్ పద్ధతి రాశాడు. ఒకే పెద్ద రిజిస్టర్ బదులు ఎవరి ఇలాకా రిజిస్టర్ వాళ్ల దగ్గరే ఉంటుంది, అడిగినవాళ్లకు వాళ్లే జవాబిస్తారు. ఒక రకంగా అది ఎలక్ట్రానిక్ డాక్‌కు పిన్ కోడ్. మెయిల్‌ను సరైన సర్వర్ గుమ్మం దాకా తెస్తుంది. గుమ్మం దాటాక పోస్ట్‌మ్యాన్ కావాలి కదా? ఆ పోస్ట్‌మ్యాన్ పని కోసం ప్రతి సర్వర్‌లోనూ ఒక పట్టిక ఉంటుంది. ఎడమవైపు అడిగిన పేరు, కుడివైపు అసలు చేరాల్సిన చోటు. బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ రాసిన సెండ్‌మెయిల్ 1983లో బయటికి వచ్చేసరికి అందులో ఈ పట్టిక ఉంది. దాని పేరు అలియాసెస్.

అలియాస్ అంటే మన దఫ్తర్ జబాన్‌లో ఉర్ఫ్. పాత దస్తావేజుల్లో, పోలీసు రికార్డుల్లో ఫలానా ఉర్ఫ్ ఫలానా అని రాసేది ఆ ఉర్ఫే. ఇంగ్లీషువాళ్లు తీసుకున్న లాటిన్ మాటకు వేరే సమయంలో అని అర్థం. అరబీ నుంచి మనకొచ్చిన ఉర్ఫ్ వేరే ధాతువు నుంచి పుట్టింది. తారుఫ్, మారూఫ్, మారిఫత్ కూడా ఆ ఇంటి పిల్లలే. అన్నిటి వెనకా ఉన్న అర్థం ఎరుక. ఉర్ఫ్ అంటే దొంగపేరు కాదు, ఆ మనిషిని జనం ఎరిగి ఉన్న పేరు. మెయిల్ సర్వర్‌లోని ఆ పట్టికకు ఇంతకంటే మంచి పేరు నాకు తట్టదు.

మన దేశంలో 1986లో మొదలైన ఎర్నెట్ ద్వారా ముందు చదువుల సంస్థలకు ఈ డాక్ అందింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మామూలు జనానికి ఇంటర్నెట్ తలుపు తీసింది. ఐబీఎం పరిశోధనాలయంలో ఉండగా వీట్సె వెనెమా రాసిన పోస్ట్‌ఫిక్స్ 1998లో వచ్చింది. నేను ఎక్కువగా చూసుకునే సర్వర్లు ఇవే. కాబట్టి పట్టికలు ఎలా దారి తప్పుతాయో దాని భాషలోనే చెబుతాను.

నాలుగు గలతీలు

మొదటిది, పాత నకలు. మనం రాసే పట్టిక మామూలు అక్షరాల ఫైలు. సర్వర్ దాన్ని నేరుగా చదవదు. వేగంగా వెతకడానికి దాని నుంచి మరో ఫైలు తయారుచేసుకుంటుంది. అలియాసుల పట్టికకైతే న్యూఅలియాసెస్, మిగతా చాలా పట్టికలకు పోస్ట్‌మ్యాప్ అనే హుకుం ఇస్తేనే ఆ నకలు తాజా అవుతుంది. అక్షరాల ఫైల్లో కొత్త పేరు రాసి, హుకుం ఇవ్వడం మరిచిపోతే, కళ్లకు కనిపించే రిజిస్టర్‌లో పేరు ఉంటుంది, సర్వర్ చదివే రిజిస్టర్‌లో ఉండదు.

రెండోది, చదవలేని జబాన్. పెద్ద సంస్థలు పేర్లను మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్‌లో పెడతాయి. డెబియన్, ఉబుంటు వంటి వ్యవస్థల్లో దాన్ని చదివే భాగం పోస్ట్‌ఫిక్స్‌తోపాటు రాదు, విడిగా వేసుకోవాలి. వేసుకోకపోతే ఈ రకం నిఘంటువు నాకు రాదని సర్వర్ లాగ్‌లో రాస్తుంది. ఫార్సీ రిజిస్టర్ ముందు కూర్చున్న కంపెనీ గుమాస్తా పరిస్థితి అది. రిజిస్టర్‌లో లోపం లేదు, చదివేవాడు లేడు.

మూడోది, రెండు జాబితాల్లో ఒకే పేరు. పోస్ట్‌ఫిక్స్‌లో ప్రతి డొమైన్‌నూ ఏదో ఒక వర్గంలోనే చూపాలి. ఈ యంత్రంలోనే ఖాతాలున్న సొంత డొమైన్ ఒక వర్గం, విడి పట్టికతో నడిచే వర్చువల్ డొమైన్ మరొకటి. ఒకే డొమైన్‌ను రెంటిలోనూ రాస్తే సర్వర్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను ఎవరూ చదవరు. సర్వర్ సొంత ఖాతాల్లో వెతికి, దొరక్క, మనిషి లేడంటుంది. అవతలి పట్టికలో ఆ మనిషి నిక్షేపంగా ఉంటాడు. 1936 తర్వాత కూడా చికాకోల్‌ను గంజాం కాగితాల్లో వెతికేవాడికి దొరికేది కూడా ఇదే జవాబు.

నాలుగోది, అక్షరం తేడా. పోస్ట్‌మ్యాన్‌కు షేక్, షైక్, షేఖ్ అన్నీ ఒకటే. పట్టికకు మూడూ ముగ్గురు మనుషులు. ఇంగ్లీషులో మన ఇంటిపేరును ఎన్ని రకాలుగా రాస్తారో, మహమ్మద్‌ను ఎన్ని రకాలుగా రాస్తారో మీకు చెప్పక్కర్లేదు. ఒక కాగితంలో పూర్తి పేరు, ఇంకో కాగితంలో ఎండీ, మరోదాంట్లో ఎస్‌కె. ఊరి పేరు ఎస్.ఎం. అయినట్టే మన పేర్లూ పొడి అక్షరాలయ్యాయి. మనిషికి అది సంక్షిప్తం. యంత్రానికి అదే పూర్తి పేరు.

ఈ నాలుగింటినీ పట్టుకునే దారి ఒకటే. ముందు లాగ్ చదవాలి, ఏ పట్టికలో వెతికి లేడన్నదో అందులో రాసి ఉంటుంది. తర్వాత పోస్ట్‌మ్యాప్‌కు క్యూ అనే సూచన చేర్చి, ఆ పేరునే ఆ పట్టికను అడగాలి. జవాబు వస్తే పట్టిక బాగుంది, సెట్టింగుల్లో ఎక్కడో దాన్ని పిలవడం లేదు. జవాబు రాకపోతే నకలు పాతదైనా అయ్యుండాలి, అక్షరమైనా తేడా ఉండాలి. రెండు ఫైళ్ల తారీఖులు పక్కపక్కన పెట్టి చూస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఊహలతో సెట్టింగులు మార్చుకుంటూ పోతే ఒక గలతీ మీద ఇంకో గలతీ పేరుకుంటుంది.

"లేడు" అనే ముందు

మా దూరపు బంధువుల అబ్బాయి ఒకడు ఒక కాలేజీలో చేరాడు. కాలేజీ వాళ్లు పిల్లలందరికీ మెయిల్ పతాలు ఇచ్చారు. ఒక ఉద్యోగ పరీక్షకు ఆ పతాతోనే నమోదు చేసుకున్నాడు. తారీఖు దగ్గర పడుతున్నా ఖబర్ లేదు. వాళ్ల అబ్బాజాన్ ఫోన్ చేసి ఆరా తీస్తే, "ఆ పేరుతో అక్కడ ఎవరూ లేరని మీ కాలేజీ నుంచే జవాబొచ్చింది" అన్నారట. ఆయన నా దగ్గరికొచ్చి అడిగిన మొదటి మాట, "ఫీజు కట్టాం, హాస్టల్లో ఉన్నాడు, మరి లేడంటారేమిటి?"

కాలేజీలో ఆ పని చూసే కుర్రాడు మంచివాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. అక్షరాల ఫైల్లో మా వాడి పేరు ఉంది. సర్వర్ చదివే నకలు తారీఖు మాత్రం ఆ బ్యాచ్ చేరకముందుది. హుకుం ఒక్కటి ఇస్తే క్షణంలో సరిపోయింది. కానీ వెళ్లిన జవాబు వెళ్లిపోయింది. ఒకసారి లేడు అని జవాబొస్తే పెద్దమొత్తంలో మెయిళ్లు పంపే వ్యవస్థలు ఆ పతాను తమ జాబితా నుంచి తీసేస్తాయి. మళ్లీ నమోదు చేసుకునే గడువు అప్పటికే దాటిపోయింది. ఆ ఏడాది వాడు పరీక్ష రాయలేదు.

ఇలా వాపస్ వచ్చే ఖబర్ల మీద మెయిలర్ డీమన్ అనే పేరు ఉంటుంది. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు అది చూసి కంగారు పడతారు. అది జిన్నూ కాదు, షైతానూ కాదు. వెనక ఉండి పనిచేసే ప్రోగ్రామ్‌కు 1963 ప్రాంతంలో ఎంఐటీ వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు. మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త ఊహించిన ఒక భూతాన్ని తలచుకుని పెట్టారు. చూడాల్సింది ఆ పేరును కాదు, లోపలున్న మూడంకెలను.

1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ మెయిల్ మర్యాదలు రాసినప్పుడు కాదనే జవాబులను రెండుగా విడదీశాడు. 4తో మొదలయ్యే సంఖ్య వస్తే ఇప్పుడు చెప్పలేను, మళ్లీ రా అని. 5తో మొదలైతే ఇక రావద్దు అని. 4 విన్న సర్వర్ ఖత్‌ను పారేయదు, వరుసలో పెట్టుకుని మళ్లీ మళ్లీ తలుపు తడుతుంది. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఐదు రోజుల దాకా ప్రయత్నిస్తుంది. 5 విన్నది మాత్రం అక్కడికక్కడే వాపస్ పంపేస్తుంది.

ఇక్కడొక విచిత్రం ఉంది. పట్టిక ఫైలు పూర్తిగా పోయినా, తెరుచుకోకపోయినా, చదివే భాగం లేకపోయినా పోస్ట్‌ఫిక్స్ 451 అంటుంది, అంటే నాకు కనబడటం లేదు, తర్వాత రా. అదే పట్టిక ఉండి, తెరుచుకుని, పాతదై ఉంటే పూర్తి ధీమాతో 550 అంటుంది, అంటే అలాంటి మనిషి లేడు. పట్టిక లేని సర్వర్ ఖత్‌ను కాపాడుతుంది. పాత పట్టిక ఉన్న సర్వర్ ఖత్‌ను పోగొడుతుంది. మా వాడికి జరిగింది ఈ రెండోదే.

వెనెమాకు ఇది తెలుసు. పోస్ట్‌ఫిక్స్‌తో వచ్చే సెట్టింగుల ఫైల్లోనే ఒక నసీహత్ ఉంటుంది. తెలియని పేరుకు మామూలు జవాబు 550 అయినా, నీ పట్టికలు సరిగ్గా ఉన్నాయని నీకు ఖాయమయ్యేదాకా 450తో మొదలుపెట్టడం క్షేమం అని. కొత్త సర్వర్ పెట్టిన ప్రతిచోటా నేను ఆ మాట పాటిస్తాను. లేడు అనే హక్కు పట్టికను సరిచూసుకున్నవాడికే ఉంది. అప్పటిదాకా సబర్.

తవారీఖ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. "శ్రీకాకుళంలో సాయిబులేటి?" అన్నది 550 లాంటి జవాబు. అడిగినవాడి మనసులో చెడు ఉండకపోవచ్చు. వాడి దగ్గరున్న నకలు పాతది, ఎవరో ఎప్పుడో రాసింది, ఆ తర్వాత ఎవరూ తాజా చేయనిది. వాడికేమీ తెలియకపోయి ఉంటే వెతికేవాడు. తెలుసనుకున్నాడు కాబట్టి వెతకలేదు. ఎచ్చెర్ల పొలిమేరలో బస్సు దిగి ఊరి పేరు పూర్తిగా చదివితే చాలు, ఆ నకలు తాజా అవుతుంది.

ఈ తప్పు మన ఇంట్లోనూ ఉంది. కళింగాంధ్రలో మనకు చరిత్ర లేదని మనవాళ్లే అనడం నేను విన్నాను. లేదు అన్నది వేరు, చదవలేదు అన్నది వేరు. ఫార్సీ కాగితాలు చదివేవాళ్లు మనలో కరువయ్యారు. ఉర్దూ చదివే తరం కూడా తగ్గిపోతోంది. మనకు చేతకాని జబాన్‌లో ఉన్న పట్టిక ముందు నిలబడి అది ఖాళీగా ఉందనడం ఇన్సాఫ్ కాదు. చదవగలిగినవాళ్లను వెతికి తెచ్చుకోవాలి, అప్పటిదాకా జవాబు 451 దగ్గర ఆపాలి.

మన ఇంటి పట్టిక

ప్రతి ఖాందాన్ ఒక పట్టిక రాసుకోవాలని నా గుజారిష్. ఎడమవైపు, మన పెద్దల పేర్లు ఏయే కాగితాల్లో ఎలా ఉన్నాయో అన్నీ రాయండి. నికాహ్‌నామాలో ఒకలా, పట్టాదారు పాస్‌బుక్కులో ఇంకోలా, రేషన్ కార్డులో పొడి అక్షరాలతో, ఊళ్లో జనం పిలిచిన పేరుతో. కుడివైపు, ఆ మనిషి ఎవరో రాయండి. నానీమాలు, దాదీమాలు ఉండగానే అడగండి, వాళ్లే మన ఆఖరి పోస్ట్‌మ్యాన్‌లు. ఊరి పేర్లు కూడా అలాగే రాయండి. చికాకోల్ ఉర్ఫ్ శ్రీకాకుళం, చికాకోల్ రోడ్ ఉర్ఫ్ శ్రీకాకుళం రోడ్. బిడ్డ పుట్టినప్పుడు, నికాహ్ జరిగినప్పుడు, ఎవరైనా ఇంతిఖాల్ అయినప్పుడు ఆ పట్టికను తాజా చేయండి. పాత నకలు ఎంత ప్రమాదమో చూశాం కదా.

పిల్లల కాగితాలన్నిటిలో ఒకే స్పెల్లింగ్, పూర్తి పేరు ఉండేలా చూడండి. ఇప్పటికే తేడాలుంటే పరీక్ష ముందు రోజు దాకా ఆగకుండా ఇప్పుడే సరిచేయించండి. స్కూలు సర్టిఫికెట్‌లో ఎండీ, ఆధార్‌లో మహమ్మద్ ఉన్న పిల్లాడికి ఏదో ఒక కంప్యూటర్ ఒక రోజు నువ్వు లేవని చెబుతుంది. అప్పుడు దానితో వాదించడానికి పోస్ట్‌మ్యాన్ ఉండడు.

యంత్రాల వైపు నుంచి కూడా దారి కొంచెం తెరుచుకుంది. ఇంగ్లీషు అక్షరాలు కాని పతాలతో మెయిల్ పంపే నియమాలు 2012లో వచ్చాయి. పోస్ట్‌ఫిక్స్ వాటిని 2015లో అందుకుంది. డాట్ భారత్ అనే డొమైన్ తెలుగు లిపిలోనూ ఉంది, ఉర్దూ లిపిలోనూ ఉంది. పైన ఫార్సీ, కింద తెలుగు ఉన్న ఆ పాత ఫర్మానాల్లాగే, ఒక మనిషికి రెండు లిపుల్లో రెండు పతాలు ఇచ్చి, ఉర్ఫ్ పట్టికలో రెంటినీ ఒకే పెట్టెకు చేర్చడం ఈ రోజు సాధ్యమే.

ఎస్.ఎం. పురం ట్రిపుల్ ఐటీలో చదువుతున్న పిల్లలు కొందరైనా రేపు ఈ సర్వర్ల పనిలోకి వస్తారు. వాళ్లకు చెప్పేది ఒక్కటే. పట్టిక మార్చిన ప్రతిసారీ నకలు తాజా చేయండి, ఒక పేరు అడిగి చూడండి, ఖాయమయ్యేదాకా 450 ఉంచండి. ఇంటికి పంపే పార్సిల్ మీద ఒక్కసారైనా మీ క్యాంపస్ ఉన్న ఊరి పేరు పూర్తిగా రాయండి. షేర్ మహమ్మద్ పురం, ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా.